చలిమిడి డబ్బా

నిన్న పేపర్లో, లోపలి పేజీలో, బాగా కింద, నాలుగు వరుసల వార్త ఒకటి వచ్చింది. నా చిన్నప్పుడు ఉత్తరాన ఒక పెద్ద ఊళ్ళో, ఒక రాత్రి, ఫ్యాక్టరీలోంచి గ్యాసు బయటికి వచ్చి నిద్రలో ఉన్నవాళ్ళు నిద్రలోనే పోయారు. ఆ ఊరి పేరు అందరికీ తెలుసు, రాయనక్కర్లేదు. ఏటా ఈ రోజుల్లో ఆ వార్త వేస్తారు. మొదట్లో మొదటి పేజీలో, ఫొటోతో వేసేవారు. ఇప్పుడు దాని పక్కనున్న చీరల దుకాణం ప్రకటన దానికంటే పెద్దది.

ఆ నాలుగు వరుసలూ ఏటా చదువుతాను. చదివాక మా మేనత్తకు ఫోన్ చేసేదాన్ని. ఎందుకు చేశానో చెప్పేదాన్ని కాదు. ఎట్లా ఉన్నావు, పిల్లది ఎట్లా ఉంది, మోకాళ్ళ నొప్పులు తగ్గాయా, అంతే. నిన్న కూడా చెయ్యి ఫోన్ దాకా వెళ్ళింది. అత్త వానాకాలంలో పోయిందన్న సంగతి ఆ తర్వాత గుర్తొచ్చింది.

మాది నల్లరేగడి నేల. చూసినంత మేర పత్తీ, మిరపా. మా నాయనమ్మ కాపురానికి వచ్చిన కొత్తలో అక్కడ జొన్నలూ వరిగలూ వేసేవారట. తిండిగింజలన్నీ కుండల్లో, గాదెల్లో ఉండేవట. ఎలుకలు తినగా మిగిలింది మనుషులం తినేవాళ్ళమని ఆమె చెప్పేది. పత్తి వచ్చింది, పత్తి వెంట పురుగు వచ్చింది, పురుగు వెంట మందు వచ్చింది. మందు డబ్బాల్లో వచ్చింది. ఆ డబ్బాలు చూసి నాయనమ్మ మురిసిపోయింది. ఎలుక కొరకదు, చీమ దూరదు, పిల్లలు పడేస్తే పగలదు. "ఈ డబ్బా కనిపెట్టినోడి కడుపు చల్లగుండ" అనేది.

ఊళ్ళో అందరూ అదే పని చేసేవాళ్ళు. మందు అయిపోయిన డబ్బా పారేసిన ఇల్లు నాకు గుర్తులేదు. పొలం లేనివాళ్ళు ఉన్నవాళ్ళను అడిగి పట్టుకెళ్ళేవాళ్ళు. పెద్దవాటిలో కందిపప్పు, ఉప్పు, వడియాలు పోసేవాళ్ళు. సీసా ఆకారంలో ఉండే అల్యూమినియం వాటిని పొలానికి మంచినీళ్ళకు వాడేవాళ్ళు. డబ్బా మీది కాగితం మీద ఎర్ర రంగులో పుర్రె బొమ్మ ఉండేది. నాయనమ్మ కొబ్బరిచిప్పతో ఆ కాగితం గీకేస్తుంటే, చిరగకుండా వచ్చిన పుర్రెలను నేను నోటు పుస్తకాల్లో దాచుకునేదాన్ని. ఒక పుర్రెకు బళ్ళో రెండు నెమలీకలు ఇచ్చేవాళ్ళు.

డబ్బా కడగడం నాయనమ్మ ఇంకొకరి చేతికి ఇచ్చేది కాదు. ముందు మరిగే నీళ్ళు. తర్వాత చాకలి సోడా. తర్వాత బూడిదా చింతపండూ పెట్టి తోమడం. మూడు రోజులు ఎండ. ఆఖరున లోపల వేపాకు పొగ. అన్నీ అయ్యాక నన్ను పిలిచేది. ఆమెకు ముక్కుపొడి అలవాటు. ఏ వాసనా సరిగ్గా తెలిసేది కాదు. అందుకని ఆ ఇంట్లో డబ్బాలకు నా ముక్కే పరీక్ష.

"ఏమే, ఇట్రా. దీంట్లో మూతి పెట్టి చూడు. వాసనొస్తందా?"

"రావట్లేదు."

"సరిగ్గా చూడు."

"లేదు నాయనమ్మా."

నేను లేదంటే ఆ డబ్బా వంటింట్లోకి వెళ్ళేది. ఉందంటే మళ్ళీ బూడిద, మళ్ళీ ఎండ. ఇంట్లో నా మాట చెల్లుబాటయ్యేది అదొక్కచోటే. అందుకు నాకు గర్వంగా ఉండేది.

నేను చెప్పబోయే రోజుకు నాకు పదేళ్ళు. మర్నాడు అత్తకు శ్రీమంతం. ఆమె అత్తవారిల్లు పొదిలి అవతల మెట్ట ఊరు. మేము సారె పట్టుకెళ్ళి, గాజులు తొడిగి, పురిటికి ఆమెను ఇంటికి తీసుకురావాలి. ఆ తర్వాత ధనుర్మాసం నెల పట్టేస్తుంది కాబట్టి వేరే మంచిరోజు లేదు. అత్తకు అది రెండో కాన్పు. మొదటిది నిలవలేదు. రెండేళ్ళ కిందట, ఐదో నెల దాటాక పోయింది. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు. కానీ ఈసారి సారె అంతకు రెట్టింపు చేస్తున్నారంటే కారణం అదేనని నాకు కూడా తెలుసు.

నాలుగు రోజులుగా ఇల్లంతా బెల్లం వాసన. అరిసెలు చేయడంలో మా నాయనమ్మకు చుట్టుపక్కల నాలుగూళ్ళలో పేరు. పాకం చూడటానికి పళ్ళెంలో నీళ్ళు పోసి అందులో ఒక చుక్క వేసి, ఉండ కట్టి, ఆ ఉండను పళ్ళేనికి కొట్టి చప్పుడు వినేది. "ముక్కు పోయినా చెవులున్నాయి నాకు" అనేది. అరిసెలు రెండు డబ్బాలు, బూందీ లడ్లు ఒకటి, జంతికలు ఒకటి. మూత తిప్పి బిగించే చిన్న డబ్బాలో చలిమిడి. కడుపుతో ఉన్న ఆడపిల్లకు పుట్టింటి చలిమిడి వెళ్ళకపోతే అది సారే కాదు. పైగా మా అత్తకు చలిమిడంటే ప్రాణం. పెళ్ళి కాకముందు ఆమె భయానికే నాయనమ్మ దాన్ని తిప్పుడు మూత డబ్బాలో పెట్టేది. మూత ఎంత గట్టిగా బిగించినా అత్త కొంగుతో పట్టుకుని తిప్పి తీసేదట. చుట్టూ తినేసి పైభాగం మాత్రం సాపుగా సర్దిపెట్టేదట.

ఆ పొద్దున నేను బడి ఎగ్గొట్టాను. అమ్మ జంతికలు తిప్పుతుంటే వెనకనుంచి ఒక అరిసె తీసి పరికిణీ జేబులో పెట్టుకున్నాను. మా బాబాయి అరుగు మీద తోలు సంచీ తొడిగిన ట్రాన్సిస్టరు చెవి దగ్గర పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన గుంటూరులో డిగ్రీ చదివి వచ్చి ఉద్యోగం కోసం చూస్తున్నాడు. ఈలోపు లోకంలో జరిగేదంతా విని మాకు చెప్పడమే ఆయన పని. నెల కిందట ఢిల్లీలో ప్రధానమంత్రిని కాల్చేసినప్పుడు రోజుల తరబడి రేడియోలో ఏడుపు వాయిద్యమే వచ్చింది. అప్పుడు తప్ప ఆయన వార్తలను ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు. నాయనమ్మ మాత్రం చేసే పని ఆపకుండానే ప్రతి వార్తకూ ఒక మాట అనేది.

"ఆఫ్రికాలో కరువంటమ్మా. పిల్లలు పిట్టల్లా రాలిపోతున్నారంట."

"పాపం. జొన్న కూడా పండదంటనా?"

"ఇంగ్లండులో బొగ్గు గనుల్లో నెలల తరబడి సమ్మె."

"మరి పొయ్యిలోకేం పెట్టుకుంటారు? కాసిని పత్తికట్టె పంపీరా నువ్వు."

"పంపిస్తా. పోస్టులో తీసుకుంటారేమో అడిగొస్తా."

"అడుగు. ఆ చేత్తోనే ఇంత నెయ్యి తెచ్చి ఇక్కడ పెట్టు."

ఆ రోజు పొద్దున కూడా ఇట్లాగే సాగింది. మధ్యాహ్నం వార్తలప్పుడు మాత్రం బాబాయి ట్రాన్సిస్టరు కట్టేసి వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఎప్పుడూ దాన్ని మోగిస్తూనే వచ్చేవాడు.

"అమ్మా, ఉత్తరాన ఒక ఊళ్ళో రాత్రి గ్యాసు వదిలిందంట. పడుకున్నోళ్ళు పడుకున్నట్టే పోయారంట."

నాయనమ్మ సున్నుండల పిండిలో నెయ్యి కలుపుతోంది. "ఏం గ్యాసు? టౌనుల్లో వంట చేస్తారే, అదా?"

"అది కాదు. పురుగుమందు చేసే ఫ్యాక్టరీ అంట. మనం పత్తికీ మిరపకీ కొడతామే, అట్టాంటిది."

"ఎంతమంది?" అంది అమ్మ.

బాబాయి చెప్పాడు. ఆ సంఖ్య నాకు గుర్తులేదు. తర్వాత రోజూ పెరుగుతూ పోయింది.

"తాగారా ఏంది?" అంది నాయనమ్మ.

"తాగలేదమ్మా. గాలి పీల్చారు, అంతే."

"గాలికేనా?"

ఆమె చెయ్యి ఆగింది. గోడవారన వరసగా పెట్టిన డబ్బాల వైపు చూసింది. ఆ డబ్బాలు రోజూ చూసేవే. ఆ చూపు మాత్రం నాకు కొత్త.

"కడుపుతో ఉన్నోళ్ళ సంగతేమన్నా చెప్పారా?" అని అడిగింది.

"వార్తల్లో అవన్నీ చెప్పరమ్మా."

ఆమె చెయ్యి కడుక్కుని, కొంగుకు తుడుచుకుని, డబ్బాల దగ్గర చతికిలబడి కూర్చుంది. ఒక్కొక్క మూతే తీసింది. అమ్మ "అత్తయ్యా" అంది. ఆమె వినిపించుకోలేదు. "ఏమే, ఇట్రా" అని నన్ను పిలిచింది. నేను వెళ్ళి మూతి పెట్టాను.

"అరిసెల వాసనొస్తంది."

"అరిసెల సంగతి కాదే నేనడిగేది."

పాత దుప్పటి పరిచి ఆ డబ్బాలో అరిసెలన్నీ దాని మీద పోసింది. ఖాళీ డబ్బా నా ముఖం దగ్గర పెట్టింది. "ఇప్పుడు చూడు."

నేను డబ్బాలో మూతి పెట్టినప్పుడు గుర్తొచ్చింది.

రెండేళ్ళ కిందట, ఇట్లాగే సారె పంపేటప్పుడు, ఈ చలిమిడి డబ్బానే ఆమె నాకు ఇచ్చింది. కొత్తగా కడిగిన డబ్బా. బయట పిల్లలు తొక్కుడుబిళ్ళ ఆడుతున్నారు, నా వంతు వచ్చింది, పిలుస్తున్నారు. డబ్బాలో లోపలెక్కడో అడుగున సన్నగా ఒక వాసన తగిలింది. మిరపచేలో నాన్న మందు కొట్టివచ్చినప్పుడు చొక్కాకు ఉండే వాసన. ఉందంటే మళ్ళీ బూడిద తెమ్మంటుంది, నీళ్ళు తోడమంటుంది. "రావట్లేదు" అని పరిగెత్తాను. ఆ తర్వాత నెల తిరక్కుండా అత్త సంగతి ఉత్తరంలో వచ్చింది. ఆ రెండింటినీ కలిపి నేనెప్పుడూ అనుకోలేదు. ఆ మధ్యాహ్నం దాకా.

"చెప్పవే. వస్తందా?"

నిజానికి నాకేమీ తెలియలేదు. బెల్లం, నెయ్యి, యాలకులు, వేపాకు పొగ. వాటి వెనక ఇంకేదన్నా ఉందా అంటే, ఉందనుకుంటే ఉన్నట్టే ఉంది.

"వస్తంది" అన్నాను.

అన్ని డబ్బాలూ చూపించింది. అన్నిటికీ వస్తోందనే చెప్పాను. చలిమిడి డబ్బా దగ్గర మాత్రం తలూపి ఊరుకున్నాను.

"దాని మాట పట్టుకుని ఇంత సారె పారబోస్తారా అత్తయ్యా?" అంది అమ్మ. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాలుగు రోజులుగా పొయ్యి దగ్గర కూర్చుంది ఆమే.

"దాని మాట పట్టుకునేగా ఇన్నేళ్ళూ పోశాం" అంది నాయనమ్మ.

గుమ్మంలో బాబాయి నేరం చేసినవాడిలా నిలబడిపోయాడు. "నేనేదో వార్త చెప్పాను, అంతేనమ్మా. అది వేరే. అక్కడ ఫ్యాక్టరీ పగిలింది."

"నిన్నేమన్నాన్రా? పో, పోయి మినుములు కొలిచి తీసుకురా."

నాన్న పొలంనుంచి వచ్చేసరికి దుప్పటి మీద అరిసెలూ లడ్లూ గుట్టగా ఉన్నాయి. డబ్బాలు పెరట్లో ఉన్నాయి. ఆ పూట ఆయన మిరపకు మందు కొట్టి వచ్చాడు. తలపాగా తీసి, సంగతి విని, అరుగు మీద కూర్చున్నాడు.

"ఆరేళ్ళ బట్టి తింటన్నాం కదమ్మా ఆ డబ్బాల్లో. మనకేమయింది?"

"మనకేం కాలేదని ఎవరు చెప్పార్రా నీకు?"

నాన్న ఏదో అనబోయాడు. ఆమె ముఖం చూశాడు. ఆమె అడుగుతోంది ఎవరి సంగతో ఆయనకు అర్థమైంది. స్నానానికి కూడా వెళ్ళకుండా గునపం తీసుకుని పెరట్లో, కరివేపాకు చెట్టుకు దూరంగా, గొయ్యి తవ్వడం మొదలుపెట్టాడు. గొడ్లకు కూడా వెయ్యొద్దంది నాయనమ్మ. సారె మట్టిలో పూడ్చడం ఎంత కీడో ఆమెకు తెలుసు. నేల మీద పిండి రాలితే కళ్ళకద్దుకునే మనిషి. దుప్పటి నాలుగు కొసలూ పట్టుకుని ఆమే పోసింది. మట్టి కప్పేలోపు నేను జేబులో అరిసె తీసి అందులో పడేశాను. నాయనమ్మ చూసింది.

అప్పటికి పొద్దు ఇంకా రెండు బారలుంది. అరిసెల బియ్యం ఒక రాత్రి నానాలి కాబట్టి అరిసెల ఆశ లేదు. సున్నుండలు, జంతికలు అవుతాయి. మధ్యాహ్నమే నానబోసిన బియ్యంతో చలిమిడి అవుతుంది. తిరగలి చప్పుడు విని పక్కింటి దర్జీ ఆయన భార్య వచ్చింది. వాళ్ళు ముస్లింలు. రంజానుకు మాకు సేమ్యా వచ్చేది, మా ఇంట్లో కొత్త మిరపకాయ కారం కొట్టిన రోజు మొదటి గిన్నె వాళ్ళకు వెళ్ళేది.

"ఏంది పెద్దమ్మా, సారె ఎవరన్నా ఎత్తుకుపోయారా? మళ్ళీ మొదలుపెట్టారు?"

"ఎలకలు పడ్డాయిలే."

"డబ్బాల్లోనా?"

ఆవిడ పెరట్లోకి చూసింది, డబ్బాల గుట్ట చూసింది, కొత్త మట్టి చూసింది. ఆవిడ ఇంట్లోనూ రేడియో ఉంది. కూర్చుని తిరగలి పిడి పట్టుకుని, "లే అక్కా, నీకు చేతులు పడిపోయినట్టున్నాయి" అని అమ్మను లేపేసింది. మినుములన్నీ ఆవిడే విసిరింది. వెళ్ళేటప్పుడు నాయనమ్మ ఆపింది.

"నీకిచ్చిన డబ్బా ఉందే, పప్పు పోసుకుంటావు. అది తెచ్చిచ్చెయ్యి."

"ఇచ్చింది మళ్ళీ అడుగుతారా పెద్దమ్మా? మా ఆయన వింటే నవ్వుతాడు."

"నవ్వనీ. దాని బదులు ఇత్తడి గిన్నె ఇస్తా."

ఆవిడ ఒక క్షణం చూసి, వెళ్ళి డబ్బా తెచ్చి గుట్టలో పడేసింది. ఇత్తడి గిన్నె తీసుకోలేదు. పైగా తన పెళ్ళినాటి తాటాకు పెట్టెలు రెండు ఇచ్చింది, సారె పెట్టుకోవడానికి. "మళ్ళీ తెచ్చివ్వండి, అవి మాత్రం నావి" అంది.

మర్నాడు ఒంగోలులో బస్సు మారి పొదిలి మీదుగా వెళ్ళాం. తాటాకు పెట్టెలు నా ఒళ్ళో, వెదురు గంప అమ్మ కాళ్ళ దగ్గర. చలిమిడి మాత్రం కొత్త కుండలో, నాయనమ్మ రెండు చేతుల మధ్య. బస్సులో అందరూ ఆ వార్తే చెప్పుకుంటున్నారు. ఒకాయన పేపరు పైకి చదువుతుంటే నాయనమ్మ కిటికీలోంచి కందిచేలు చూస్తూ కూర్చుంది.

అత్తవారింట్లో సారె దించగానే వియ్యపురాలు పెట్టె మూత ఎత్తి చూసింది. చెడ్డ మనిషి కాదు గానీ నోరు ఊరుకోదు.

"పత్తి బాగా వచ్చిందని విన్నాం వదినా. పోయినసారి డబ్బాల నిండా తెచ్చారు. ఈసారి గంపల్లోకి దిగారేంది? అరిసెలు కూడా కనపడవు?"

చుట్టూ వాళ్ళ ఊరి ఆడవాళ్ళు. అత్త పీట మీద పసుపు కాళ్ళతో కూర్చుని తల్లి ముఖం చూస్తోంది.

"పాకం ముదిరింది వదినా" అంది నాయనమ్మ. "అరిసెలు రాళ్ళయినాయి. పెద్దదాన్నయిపోయాను, చెయ్యి తప్పింది."

తన పాకం ముదిరిందని ఆమె నోటితో చెప్పడం నేను విన్నది అదొక్కసారే. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆమె కూడా వాళ్ళతో పాటు నవ్వింది. అసలు సంగతి చెబితే ఎవరూ నవ్వరు. కానీ చెబితే పోయినసారి డబ్బాల సంగతి కూడా చెప్పాలి. ఆ సాయంత్రం బావి దగ్గర కాళ్ళు కడుక్కుంటూ నాతో అంది: "అత్తకి ఈ డబ్బాల గోల చెప్పమాక. ఎప్పుడూ చెప్పమాక. మనసులో పెట్టుకుంటది."

చెప్పనని తలూపాను.

కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి, ఊరంతా తుమ్ముతున్న రోజుల్లో అత్తకు ఆడపిల్ల పుట్టింది. నాయనమ్మ పిల్లను ఒళ్ళో వేసుకుని వేళ్ళు లెక్కపెట్టింది. కాళ్ళవీ, చేతులవీ. చెవి వెనక చూసింది. నోరు తెరిచి చూసింది. "సంతలో దూడను చూసినట్టు చూస్తావేందమ్మా?" అని అత్త మంచం మీదనుంచి నవ్వింది. నాయనమ్మ పిల్లను వదల్లేదు.

ఆ గ్యాసు వార్త విన్న రోజునుంచి నాయనమ్మ ముక్కుపొడి మానేసింది. ముప్పై ఏళ్ళ అలవాటు. కారణం ఎవరికీ చెప్పలేదు. రెండు నెలలు చిరాకుగా తిరిగింది. ఆ తర్వాత ఏ గిన్నె కడిగినా, ఏ కుండ కొన్నా తనే ముఖం పెట్టి చూసుకునేది. నన్ను మళ్ళీ ఎప్పుడూ పిలవలేదు. నాకు సంతోషంగానూ ఉండేది, అవమానంగానూ ఉండేది. మా నాన్న పొలంలో మందు కొట్టడం మాత్రం మానలేదు. పత్తి వేసినవాడు ఎట్లా మానతాడు? ఇంటికి రాగానే బావి దగ్గరే బట్టలు విప్పి నీళ్ళు పోసుకుని లోపలికి రావాలని ఆమె పెట్టిన నియమం ఆయన కడదాకా పాటించాడు. ఖాళీ డబ్బాలు ఆయన గడ్డపారతో బొక్కలు కొట్టేవాడు. ఊళ్ళో వాళ్ళు చూసి, మంచి డబ్బా పాడుచేస్తున్నాడని నవ్వేవాళ్ళు.

నేను కాలేజీలో ఉండగా నాయనమ్మ మంచాన పడింది. సెలవులకు వెళ్ళినప్పుడు పక్కన కూర్చుంటే, ఒక మధ్యాహ్నం, ఎవరూ లేనప్పుడు అడిగింది.

"ఆ చలిమిడి డబ్బా, మొదటిసారిది, వాసన చూసింది నువ్వే కదే?"

"నేనే."

"అప్పుడు రాలేదుగా?"

పదేళ్ళ నుంచి ఆమె ఆ మాట అడగడానికి చూస్తోందని నాకు అప్పుడు తెలిసింది.

"రాలేదు నాయనమ్మా" అన్నాను. "బాగా చూశాను."

ఆమె నా చెయ్యి పట్టుకుని కళ్ళు మూసుకుంది. ఆమెకు ఆ మాట సరిపోయిందో లేదో నాకు తెలియదు. నేను మాత్రం ఆ డబ్బా గురించి అబద్ధం చెప్పడం అది మూడోసారి.

పోయిన ఏడు అత్తను చూడటానికి వెళ్ళాను. ఆమెకు షుగరు, మోకాళ్ళు, గుండె. స్టీలు డబ్బాలో సున్నుండలు పట్టుకెళ్ళాను, ఆమె కూతురికని. ఆ పిల్లకు ఇప్పుడు నలభై ఏళ్ళు, బళ్ళో టీచరు. ఆ వేళప్పుడు ఇంట్లో లేదు. ఏవో మాటల్లో అత్తే ఎత్తింది. "నా శ్రీమంతానికి అమ్మ గంపల్లో సారె తెచ్చిందే, అరిసెలు కూడా లేకుండా. మా అత్త చచ్చేదాకా సాధించింది నన్ను. అమ్మకి పాకం ముదరడమేంది? నేనెప్పుడూ నమ్మలేదు."

నాయనమ్మకిచ్చిన మాట నేను నలభై ఏళ్ళు నిలబెట్టాను. ఆ రోజు నిలబెట్టలేకపోయాను. అంతా చెప్పాను. రేడియో సంగతి, గొయ్యి సంగతి, నాయనమ్మ ఆఖరి రోజుల్లో అడిగిన సంగతి. తొక్కుడుబిళ్ళ సంగతి కూడా చెప్పాను. అది అంతకుముందు ఎవరికీ చెప్పలేదు, నా భర్తకు కూడా.

అత్త అంతా విని అడిగింది.

"ఎన్నేళ్ళే నీకు అప్పుడు?"

"ఎనిమిది."

"ఎనిమిదేళ్ళ పిల్ల ముక్కు మీద పెట్టారన్నమాట అంతా" అంది. తర్వాత, గబగబా, "అయినా ఆ చలిమిడి నేను ముట్టనే లేదే. మా అత్త వచ్చింది వచ్చినట్టు ఊరంతా పంచేసింది. నా దాకా రానే లేదు. ఆ ఊరోళ్ళు ఒక్కరన్నా పోయారా? లేదు. ఆ పిల్ల పోవాలని ఉంది, పోయింది. అమ్మ నన్ను అడిగుంటే చెప్పేదాన్ని కదా, పిచ్చి మొహంది."

నాయనమ్మ అత్తను ఒక్క మాట అడగలేదు, నేను ఒక్క మాట చెప్పలేదు. అడగకూడదని ఆమె, చెప్పకూడదని నేను. ముక్కు చీదుకుని లేవబోతుంటే అత్త నా చెయ్యి పట్టుకుంది.

"ఆ డబ్బాలో ఏంది?"

"సున్నుండలు. నీకు కాదత్తా, షుగరు."

"ఒకటి. నీ బిడ్డ మీద ఒట్టు, ఒకటే."

డబ్బా అందుకుంది. మూత బిగిసిపోయి ఉంది, నేను తీసిస్తానన్నాను. "నువ్వుండవే" అంది. కొంగు మూతకు చుట్టి, గట్టిగా పట్టుకుని ఒక్క తిప్పు తిప్పింది. మూత వచ్చేసింది. ఒకటి తిని, వేళ్ళు నాకి, నా వైపు చూడకుండా రెండోది తీసింది. మిగిలినవి పైకి సాపుగా కనపడేటట్టు సర్ది, మూతపెట్టి నా చేతికిచ్చింది.

నేను డబ్బా తీసుకున్నాను. చలిమిడి సంగతి మళ్ళీ అడగలేదు.